తెగిన తీగ మీద పచ్చ దీపం

క్రిస్మస్ దగ్గర పడిందంటే ప్రొద్దుటూరు మిషన్ వీధిలో ఇంటింటి ముందూ కాగితపు నక్షత్రం లేస్తుంది. సుందరమ్మ టీచరు ఇంటి ముందూ లేస్తుంది. దాని చుట్టూ చిన్న బల్బుల దండ కూడా వేస్తారు. ఎరుపు, పసుపు, నీలం. పచ్చ మాత్రం ఉండదు. దండ ఇంటికొచ్చిన రోజే ఆమె కొడుకు జ్ఞానప్రకాశం అరుగు మీద కూర్చుని, పచ్చ బల్బు కనబడిన చోటల్లా గోళ్ళ రంగు పూస్తాడు. పీకేద్దామంటే ఒక్కటి పీకినా దండ మొత్తం ఆరిపోతుంది కదా, అందుకని ఎర్ర రంగు.

"ఏమప్పా ప్రకాశం, పచ్చ నీకేం అన్యాయం చేసె?" అని ఎదురింటి అఖ్తర్ బీ ఏటా అడుగుతుంది.

"ఏం లేదు పిన్నీ, కండ్లకు పడదు" అంటాడు.

అది అబద్ధమని వీధిలో అందరికీ తెలుసు. చేను పచ్చగా ఉంటే చూస్తాడు, మనుమరాలి పచ్చ పరికిణీ చూస్తాడు. అతనికి పడనిది వెలిగే పచ్చ. ఆ కథ ఇది.

ప్రకాశం తాత పాలయ్య మిషన్ దొరల కాలంలో బడి గంట కొట్టేవాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. సుందరమ్మ మిషన్ బడిలో మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పి కొడుకును ఇంటరు దాకా చదివించింది. ఆ తర్వాత అతను టైపు నేర్చుకున్నాడు, టైపు నుంచి కంప్యూటరుకు మళ్ళాడు. బెంగుళూరు పొమ్మని అందరూ పోరితే అమ్మ ఒక్కతే ఉంటుందన్నాడు గానీ, అసలు సంగతి ఇంగ్లీషులో నోరు తెరవాలంటే అతనికి చెమటలు. కంప్యూటరుకు ఎంత ఇంగ్లీషైనా రాస్తాడు, మనిషితో మాట్లాడలేడు. ఆదివారం చర్చిలో మాత్రం గొంతెత్తితే వెనక బెంచీ దాకా వినిపిస్తుంది. పాటలు పాడే కొయిర్‌లో పెద్ద గొంతు అతనిదే.

అవి పార్టీలు ఊళ్ళను రెండుగా చీల్చిన ఏళ్ళు. పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయంటే చాలు, పులివెందుల రోడ్డులో ఒక జీపు, జమ్మలమడుగు రోడ్డులో ఒక జీపు, గాయపడినవాళ్ళను వేసుకుని ప్రొద్దుటూరుకు పరుగెత్తుకొచ్చేవి. బట్టల వ్యాపారి ఆదినారాయణ శెట్టి పుణ్యానికని ప్రొద్దుటూరు ఆస్పత్రిలో ఒక రక్తం బ్యాంకు పెట్టి, జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి చిన్న శాఖలు తెరిచాడు. ఏ గ్రూపు రక్తం ఏ ఊర్లో ఉందో తెలుసుకోవాలంటే ఫోనే దిక్కు. ఫోను ఎప్పుడూ ఎంగేజే. అందుకని ఎప్పుడూ తెరిచి ఉండే అద్దె లైన్లు తీసుకుని, "మూడూర్లూ ఒకే స్క్రీను మీద కనపడేట్టు చెయ్యప్పా" అని ప్రకాశాన్ని పిలిచాడు.

ప్రకాశం చేశాడు. స్క్రీను మీద ఒక విండో, అందులో మూడు ఊర్ల పేర్లు, పేరు పక్కన ఒక దీపం. లైనుంటే పచ్చ, లేకుంటే ఎరుపు. ఈ ఊరి కంప్యూటరు ఆ ఊరి కంప్యూటరుతో మాట్లాడే తలుపును సాకెట్ అంటారని అతను తల్లికి చెప్పాడు.

మొదటిసారి రాసింది ఇరుక్కుపోయింది. జమ్మలమడుగును ఒక మాట అడిగితే, జవాబు వచ్చేదాకా విండో రాయైపోయేది. మీట నొక్కినా కదలదు, మూయబోయినా మూతపడదు. సుందరమ్మ విని, "పాలాయన కోసరం గిన్నె పట్టుకోని వాకిట్లోనే నిలబడితే పొయ్యి మీద కూర మాడదా? లోపల పని చేసుకుంటా ఉండల్ల. ఆయన 'పాలూ' అన్యాక పోవల్ల" అంది.

కొడుకు నవ్వి, "అదేమ్మా నేను చేయాల్సింది" అన్నాడు. పదిరోజులు కూర్చుని మళ్ళీ రాశాడు. ఈసారి విండో ఎవరికోసమూ కాచుకోదు. లైను తెరుచుకుంటే ఒక పిలుపు, మాట వస్తే ఒక పిలుపు, అవతలివాళ్ళు మూసుకుంటే ఒక పిలుపు, లైనులో తప్పు జరిగితే ఒక పిలుపు. ఒక్కో పిలుపు వచ్చినప్పుడు ఏం చేయాలో ఒక్కో చోట రాసిపెట్టాలి. అన్నీ రాశాడు. అడిగిన మాట పోగొట్టకుండా ఒక వరుసలో దాచే ఏర్పాటు కూడా చేశాడు. అవతలి మనిషి 'అందింది' అనే మీట నొక్కేదాకా ఆ మాట వరుసలోనే ఉంటుంది. లైను తెగి మళ్ళీ తెరుచుకుంటే తనంత తానే మళ్ళీ పోతుంది.

తప్పు జరిగినప్పుడు మాత్రం స్క్రీను మధ్యలో ఒక పెట్టె దూకేది. 'లైనులో తప్పు' అని రాసి ఉండేది. దాన్ని నొక్కి పంపించేదాకా ఇంకేమీ చేయనిచ్చేది కాదు. మన లైన్లు గాలికే వణుకుతాయి కదా, గంటకు నాలుగుసార్లు దూకేది. ప్రొద్దుటూరులో స్క్రీను ముందు కూర్చునే పుష్పావతి వారం రోజుల్లో అతని దుంప తెంచింది.

"ఏందన్నా ఇది, రెండు చేతుల్లో సీసాలు పట్టుకోనుంటే ఇది మొగాన దూకుతాది! దీన్ని మోచేత్తో నొక్కల్లా? తీసెయ్యి, నీకు పుణ్యముంటాది."

ప్రకాశం తీసేశాడు. తప్పు పిలుపు వచ్చినప్పుడు చేయాల్సిన పని ఉన్న చోట, పై వరుసా కింది వరుసా ఉంచి మధ్యలో ఉన్నదంతా చెరిపేశాడు. పెట్టె దూకకుండా దీపం ఎర్రబడేట్టు రాయాలనే అనుకున్నాడు. రేపు రాద్దాం అనుకున్నాడు. రేపు ఆదినారాయణ శెట్టి కొట్లో ఇంకో పని తగిలింది, ఎల్లుండి కొయిర్ సాధన. అలా నాలుగు నెలలు పోయాయి.

అవతలివాళ్ళు పద్ధతిగా మూసుకుని పోతే దీపం ఎర్రబడేది. పోయొస్తామని చెప్పి పోయేవాళ్ళ సంగతి అతను రాశాడు. చెప్పకుండా పోయేవాళ్ళ సంగతి ఆ రేపటికే ఉండిపోయింది.

ఎలక్షన్లకు ముందు వారం, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. తొండూరు దగ్గర పల్లె నుంచి చెన్నకేశవ అనే ముప్పై ఏళ్ళ మనిషిని జీపులో తెచ్చారు. తొడ దగ్గర బాంబు దెబ్బ. పులివెందుల దారిలో అవతలి పార్టీ వాళ్ళు కాచుకున్నారని చుట్టూ తిరిగి ప్రొద్దుటూరు చేరారు. వెంట అన్న ఓబన్న ఉన్నాడు, చొక్కా అంతా తమ్ముడి రక్తం. ఓ నెగటివ్ రెండు సీసాలు కావాలన్నాడు డాక్టరు. ప్రొద్దుటూరులో ఒక్కటీ లేదు.

పుష్పావతి పేరూ గ్రూపూ కొట్టి మీట నొక్కింది. పులివెందుల నుంచి 'లేదు' అని అప్పుడే వచ్చింది. జమ్మలమడుగు నుంచి ఏమీ రాలేదు. కానీ దీపం పచ్చగా ఉంది, కింద 'పంపడమైంది' అని ఉంది. అక్కడ రెండు సీసాలున్నట్టు పొద్దున పంపిన పట్టీలోనే ఉంది. ఫోను చేసింది, మోగలేదు. ఫోను పోతే పోయింది, కంప్యూటరు మాట చేరింది కదా అనుకుంది. జమ్మలమడుగు శాఖ చూసుకునే ఏలీయా జవాబులు రాసే మనిషి కాదు. ఇంతకుముందు రెండుసార్లు ఇట్లాగే చూసిన వెంటనే సీసాలు ఐసు డబ్బాలో వేసుకుని జీపెక్కేశాడు. అరగంటలో వచ్చి నిలబడ్డాడు.

"వస్తాండాదా మ్మా?" అని ఓబన్న అడిగాడు.

"సూడన్నా, పచ్చగ ఉండాది. చేరింది. వస్తాంటాడు."

ఓబన్న వెళ్ళి తమ్ముడికి చెప్పాడు. "వస్తాండాది రా, కండ్లు మూయొద్దు." మళ్ళీ వచ్చాడు, మళ్ళీ దీపం చూశాడు. కడపకు తీసుకుపోదామా అని డాక్టరు ఒకసారి అంటే, "రక్తం దారిలో ఉండాది సార్, ఇంతలో కదిలిస్తే ఎట్ల?" అన్నది ఓబన్నే. యాభై నిమిషాలు అట్లా పచ్చ దీపం చూసుకుంటూ కూర్చున్నారు. రెండుంబావుకు చెన్నకేశవ పోయాడు.

దీపం అప్పటికీ పచ్చగానే ఉంది.

జమ్మలమడుగులో ఏం జరిగిందంటే, ఆ రోజు పన్నెండున్నరకే ఎవరో స్తంభాలు కూల్చారు. కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. ఏలీయా నల్లబడిన స్క్రీను ముందు, సీసాలున్న ఐసు పెట్టె పక్కన, విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాడు. ఎవరో పిలుస్తున్నారని అతనికి తెలియదు.

కానీ ఏలీయాది కొండాపురం పక్క పల్లె. ఆ పల్లె మొత్తం అవతలి పార్టీ. ఇంకేం కావాలి? సీసాలున్నాయి, మాట చేరింది, వాడు కదల్లేదు. కరెంటు లేదని ఏలీయా మొత్తుకుంటే, "మరి దీపమెట్ల వెలిగె?" అన్నారు. దీపాన్ని ఓబన్న చూశాడు, డాక్టరు చూశాడు, ఆస్పత్రి ఊడ్చే సకీనా కూడా చూసింది. అంతమంది చూసిన సాక్ష్యం ముందు ఒక్క మనిషి మాట ఎంత? దినాల లోపల ఏలీయా ఉండడని తొండూరు నుంచి కబురు ప్రొద్దుటూరు చేరింది.

ప్రకాశం ఆ మధ్యాహ్నం నుంచే తిండి మానేశాడు. కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల పచ్చ చుక్క. అద్దంలో గడ్డం గీసుకుంటుంటే చెంప పక్కన పచ్చ చుక్క. మందుల షాపు ముందు వెలిగే పచ్చ బోర్డు చూసి చెప్పులు వదిలేసి వెనక్కి నడిచొచ్చాడని అఖ్తర్ బీ చెప్పుకుంది.

నాలుగో రోజు పొద్దున ఏలీయా భార్య లీలమ్మ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీదే కూలబడింది.

"అన్నా, నిన్న లైను బాగైంది. కంప్యూటరు పెట్టినారో లేదో, ఆయప్ప పేరొచ్చింది."

"ఏ ఆయప్ప?"

"చచ్చిపోయినాయప్పే. చెన్నకేశవ, ఓ నెగటివ్, రెండు సీసాలు, అర్జంటు అని. మాయన ఆపేసి మళ్ళీ పెట్టినాడు. మళ్ళీ వచ్చె. మూడుసార్లు పెడితే మూడుసార్లూ అదే పేరు. మట్టి చేసి మూడు దినాలాయె, యాడనుంచి అడుగుతాండాడన్నా?"

ప్రకాశం లేచాడు. చొక్కా తొడుక్కుని తాను పనిచేసే కంప్యూటరు సెంటరుకు పోయాడు. తాను రాసిన రాతలన్నీ స్క్రీను మీద తెరిచాడు. కిందికి దిగాడు, దిగాడు. తప్పు పిలుపు ఉన్న చోట ఆగాడు. పై వరుస ఉంది, కింది వరుస ఉంది. మధ్యలో ఏమీ లేదు.

యంత్రం పిలిచింది. మాట చేరలేదు, అవతల ఎవరూ లేరు అని ఆ మధ్యాహ్నమే పిలిచింది. పిలిచిన చోట మనిషిని లేకుండా చేసింది తనే. దీపానికి ఎవరూ చెప్పలేదు కనుక దీపం వెలుగుతూనే ఉంది. మాట వరుసలోనే ఉండిపోయి, మూడో రోజు బయల్దేరింది.

ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. సుందరమ్మ చేట పక్కన పెట్టింది.

"నువ్వు ఇప్పుడు ఆ మధ్యలో ఏదో ఒకటి రాసేస్తే ఎవురికన్నా తెలుస్తాదా?"

"తెలీదమ్మా. శెట్టికి కూడా తెలీదు."

"రాసేసి గమ్మునుంటావా?"

అతను తల వంచుకున్నాడు. ఆ ఆలోచన అప్పటికే వచ్చిందని ఆమెకు అర్థమైంది.

"ఉండు మరి. ఏలీయాను నరికితే సమాధి కాడ పాట పాడేది కూడా నువ్వే. కొయిర్‌లో నీదే గొంతు. ఏ పాటో ఇప్పుడే చూసిపెట్టుకో."

మధ్యాహ్నం బస్సుకు ప్రకాశం తొండూరు పోయాడు. అక్కడి నుంచి నడక. చెన్నకేశవ ఇంటి ముందు పందిరి ఇంకా తీయలేదు. తల్లి నాగసుబ్బమ్మ గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. ఓబన్న లేచొచ్చాడు.

"నీ పేరేంది?"

"జ్ఞానప్రకాశం. ఆ దీపం రాసింది నేనే."

చెప్పాల్సింది చెప్పాడు. సగం కంప్యూటరు ఇంగ్లీషు, సగం తెలుగు. ఓబన్న చొక్కా పట్టుకుని పైకి లేపాడు.

"నువ్వూ చర్చోనివే, వాడూ చర్చోడే. వాణ్ణి తప్పీయడానికి వచ్చినావా? నా కండ్లతో చూసినా రా నేను, పచ్చగ ఉన్న్యాది!"

"అన్నా, అది అబద్ధం చెప్పింది."

"దీపం యాడన్నా అబద్ధం చెప్తాదా!"

గుంజ దగ్గర నుంచే నాగసుబ్బమ్మ, "ఇడువు వాన్ని" అంది. ప్రకాశాన్ని కిందినుంచి పైదాకా చూసింది. "చెప్పేది కాదు. చూపిచ్చు."

మర్నాడు వాళ్ళ జీపు ప్రొద్దుటూరు వచ్చింది. ఓబన్న తనకు నమ్మకమైన జియావుల్లా అనే డ్రైవరును ఇంకో జీపులో జమ్మలమడుగు పంపాడు. సరిగ్గా పదకొండుకు అక్కడి కంప్యూటరు తీగ జియావుల్లానే పీకాలి. పక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేయాలి. ఏలీయా దాని దగ్గరికి రాకూడదు.

పదకొండు దాటింది. ఫోను మోగింది. ఓబన్న తీశాడు.

"పీకినానన్నా. స్క్రీను నల్లగ ఉండాది. తీగ నా చేతిలోనే ఉండాది."

అందరూ తిరిగి చూశారు. జమ్మలమడుగు పక్కన దీపం పచ్చగా, నిశ్చలంగా, ఏమీ ఎరగనట్టు వెలుగుతోంది. పుష్పావతి పైట నోట్లో కుక్కుకుంది. ప్రకాశం రక్తం అడిగే మాట ఒకటి కొట్టాడు. 'పంపడమైంది' అని వచ్చింది.

"ఏమన్నా వచ్చెనా రా ఆడ?" అన్నాడు ఓబన్న ఫోన్లో.

"ఏమొస్తాదన్నా, సచ్చినట్ల పడుంటే!"

నాగసుబ్బమ్మ కుర్చీ లాక్కుని ఆ దీపం ముందు కూర్చుంది. పావుగంట రెప్ప వేయలేదు. ఆ రోజు తన పెద్దకొడుకు ఎలా చూసుంటాడో అలాగే చూసింది.

"ఐతే వానిది కాదు" అన్నాడు ఓబన్న మెల్లగా. ప్రకాశం వైపు తిరిగాడు. "నీది."

"నాదే అన్నా."

ఓబన్న చేయి పంచె మొలలోకి పోవడం పుష్పావతి చూసింది. నాగసుబ్బమ్మ తల తిప్పలేదు.

"ఏదో ఖాళీ ఉండాదంటివే, అది చూపిచ్చు."

ప్రకాశం రాతలు తెరిచి ఆ చోటు చూపించాడు. ఆమెకు చదువు రాదు. ముందుకు వంగి, రెండు వరుసల మధ్య తెల్లటి సందులో వేలు పెట్టింది.

"ఈడనా మా వోడు పోయింది?"

"ఈడనే మ్మా."

"ఇంత సందులో." వేలు తీయలేదు. "వాడు ఇంకా అడుగుతానే ఉండాడంట గదా, ఆ ఊర్లో?"

"ఏలీయా 'అందింది' అని నొక్కేదాకా అడుగుతానే ఉంటాడు మ్మా."

ఆమె వేలు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఓబా, చెయ్యి బయటికి తియ్యి. వీన్ని సంపితే ఈ సందు ఎవురు పూడుస్తారు? ఒరే, రాయి. నేను చూసి పోతా."

ఒకటిన్నర గంట రాశాడు. వెనక ఆమె కూర్చునే ఉంది. తప్పు పిలుపుకు జవాబు రాశాడు. అది చాలదనిపించింది. తప్పు పిలుపు కూడా ఏదైనా పంపితేనే వస్తుంది, ఊరికే ఉంటే రాదు. అందుకని పదిహేను సెకన్లకొకసారి ఈ ఊరు ఆ ఊరిని 'ఉండావా' అని అడగాలి, ఆ ఊరు 'ఉండా' అనాలి, రెండుసార్లు అనకపోతే దీపం ఎర్రబడాలి అని రాశాడు. కొత్తది ఫ్లాపీలో ఎక్కించి రెండు ఊర్లలోనూ పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. జియావుల్లా మళ్ళీ తీగ పీకాడు. అర నిమిషం గడిచింది. దీపం ఎర్రబడింది.

నాగసుబ్బమ్మ ఆ ఎరుపును చూసి మొదటిసారి ఏడ్చింది. శబ్దం రాలేదు. "ఇది ఆ పొద్దు వెలిగుంటే కడపకు పోయుంటిమి" అని మాత్రం అంది.

అక్కడి నుంచి అందరూ జమ్మలమడుగు పోయారు. ఏలీయా గోడకు అంటుకుపోయి నిలబడ్డాడు. స్క్రీను మీద ఆ పేరు అలాగే ఉంది. నొక్కమన్నారు. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఆ పొద్దు నాకు అందలేదు. అందిందని ఎట్ల నొక్కేదన్నా? నొక్కితే మీరన్నమాటే నిజమవుతాది."

ఓబన్న అతని పక్కకు పోయి నిలబడ్డాడు. నాలుగు రోజులుగా ఎవరిని నరకాలని తిరిగాడో ఆ మనిషి భుజం తన భుజానికి తగులుతోంది.

"ఆ పొద్దు అందలేదప్పా. నాకు తెలుసు. ఇప్పుడు అందింది. నొక్కు, మావోన్ని ఇంక పిలవనీయొద్దు."

ఏలీయా నొక్కాడు. పేరు పోయింది.

ఏలీయా తర్వాత చాలా ఏళ్ళు ఆ ఉద్యోగమే చేశాడు. ప్రకాశం జోలికి తొండూరు వాళ్ళు రాలేదు. నాగసుబ్బమ్మ మాట అంతటిది. ఆదినారాయణ శెట్టి ఆ విండోను చాలాకాలం నడిపాడు. తప్పు పిలుపు ఉన్న చోట ఇప్పుడు ఖాళీ లేదు. కొత్తగా రాసిన వరుసలన్నిటికీ పైన ప్రకాశం ఒక వరుస చేర్చాడు. ముందు ఒక చిన్న గీత పెడితే ఆ వరుసను యంత్రం చదవదు, మనిషే చదువుకోవాలి. అక్కడ ఒక పేరుంది. ఎవరైనా కుర్రవాళ్ళు సరిచేయడానికి తెరిచి, "ఇదెందుకు సార్, తీసెయ్యొచ్చు గదా" అంటే, వేరే ఏదో పని చెప్పి పంపేవాడు.

మొన్న క్రిస్మస్‌కు తుపాను వాన పడి దండ తడిసింది. ఒక బల్బు మీద గోళ్ళ రంగు పెచ్చులూడి, నక్షత్రం పక్కన సన్నగా పచ్చ వెలుగు బయటపడింది. సుందరమ్మ పులిహోర గిన్నెతో బయటికొచ్చి చూస్తే కొడుకు అరుగు మీద లేడు. లోపల ఫోను దగ్గర ఉన్నాడు.

"ఏలీయా, ఉండావా?"

"ఉండానప్పా. పండగపూట ఏందిది?"

"ఏం లే. ఊరికే."

ఫోను పెట్టేసి, గోళ్ళ రంగు సీసా వెతుక్కుంటూ బయటికి పోయాడు.